తలనొప్పి మందే.. తెలుగుకి పెట్టుబడి!

తలనొప్పి అనగానే పసుపు రంగు అమృతాంజనం గుర్తొస్తుంది కదా? దాన్ని తయారుచేసింది మన తెలుగాయనే. 1867లో కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు. ఆ సీసాలు అమ్మిన డబ్బు ఎక్కడికెళ్లిందో తెలిస్తే కెరీర్ గురించి మీ ఆలోచనే మారొచ్చు.

ఫ్రీ శాంపిల్ అప్పుడే!

మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో డిగ్రీ చేశారాయన. అప్పట్లో డిగ్రీ ఉంటే సర్కారు కొలువుకి దారి దొరికినట్టే. ఆయన మాత్రం వ్యాపారం వైపు నడిచారు. కలకత్తాలో మందుల వ్యాపారం నేర్చుకున్నారు. తర్వాత బొంబాయి వెళ్లి ఓ కంపెనీలో పనిచేశారు. ఆ అనుభవంతోనే 1893లో అమృతాంజనం మొదలైంది.

కొత్త సరుకు, పేరు ఎవరికీ తెలీదు. మరి జనంలోకి ఎలా వెళ్లాలి? సంగీత కచేరీలకొచ్చిన వాళ్లకి ఉచితంగా పంచిపెట్టారు. వాడి చూసినవాళ్లే తర్వాత కొనుక్కున్నారు. ఇవాళ మీ ఫోన్లో కనిపించే 'ఫ్రీ ట్రయల్' కిటుకు ఇదే.

లాభం ఎటు పోయింది?

వ్యాపారం నిలబడ్డాక ఆయన హాయిగా కూర్చోలేదు. 1908లో బొంబాయి నుంచే 'ఆంధ్రపత్రిక' వారపత్రిక తెచ్చారు. 1914లో దాన్ని మద్రాసుకి మార్చి దినపత్రిక చేశారు. 1924లో 'భారతి' మాసపత్రిక పెట్టారు. కవిత్వం, కథ, విమర్శ, చరిత్ర, చిత్రకళ.. అన్నిటికీ అందులో చోటిచ్చారు. తెలుగులో తొలి కార్టూనిస్టుగా చెప్పుకునే తలిశెట్టి రామారావు బొమ్మలు వచ్చింది అందులోనే. 1926లో 'ఆంధ్ర గ్రంథమాల' మొదలెట్టి బసవపురాణం లాంటి పాత కావ్యాలు అచ్చువేయించారు. కొమర్రాజు లక్ష్మణరావు మరణంతో ఆగిన విజ్ఞాన సర్వస్వాన్నీ తలకెత్తుకున్నారు.

ఒక్కసారి లెక్క వేయండి. సాహిత్య పత్రిక, పాత కావ్యాలు.. ఇవి డబ్బు తెచ్చే పనులేం కావు. డబ్బు తెచ్చేది బామ్. అది అమ్ముడుపోతేనే ఇవి బతికేది. అయినా 1930లో ఉప్పు సత్యాగ్రహంలోకి దిగి జైలుకెళ్లారు. ఏ వ్యాపారికైనా అది పెద్ద రిస్కే. జైల్లోనూ ఖాళీగా లేరు, భగవద్గీతకు వ్యాఖ్యానం రాశారు. 1935లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ ఇచ్చి గౌరవించింది. జనం మాత్రం దేశోద్ధారక అని పిలుచుకున్నారు. 1938లో కన్నుమూశారు.

మరి మీ సంగతి?

ఉద్యోగమా, ఇష్టమా అని తల పట్టుకుంటున్నారా? పంతులుగారి దారి చూడండి. కళను నమ్ముకుని పస్తులుండలేదు, డబ్బు కోసం కళను పక్కన పెట్టనూ లేదు. ముందు నాలుగు రూపాయలొచ్చే పని గట్టిగా నేర్చుకున్నారు, తర్వాత దాంతో నచ్చిన పనిని పోషించారు. మీ జీతం పెద్దదే కానక్కర్లేదు. ఈ నెల ఓ తెలుగు పుస్తకం కొనండి, ఓ నాటకానికి టికెట్ తీసుకోండి. అక్కడ మొదలుపెట్టండి చాలు.