రేకు గదిలో నిలిచిన శాస్త్రవేత్త

పొలం దగ్గర మోటారు మీట వేయగానే ఇంట్లోని రేడియో ఒక్కసారిగా గరగరలాడడం మన పల్లెల్లో చాలామంది వినే ఉంటారు. ఒక విద్యుత్ పరికరం నుండి వెలువడే తరంగాలు మరొక పరికరం పనికి అడ్డు తగలడమే అందుకు కారణం. రేడియోకైతే అది కేవలం చికాకు. వైద్య పరికరాలకో, విమానానికో అయితే ప్రాణాపాయం. ఆ బెడద నుండి కాపాడే లోహపు కవచాన్ని నేటికీ ఫారడే పంజరమనే పిలుస్తారు. ఆ పేరుగల మహనీయుడు బడిలో చదివినది బహు స్వల్పం.

మైకేల్ ఫారడే 1791 సెప్టెంబర్ 22న లండన్ శివార్లలో ఒక పేద కమ్మరి ఇంట జన్మించాడు. పద్నాలుగో ఏట పుస్తకాలకు అట్టలు కట్టే దుకాణంలో పనికి కుదిరి, ఏడేళ్లు అక్కడే గడిపాడు. కుట్టడానికి వచ్చిన పుస్తకాలనే చదివి విద్యుత్తు మీద మక్కువ పెంచుకున్నాడు. 1812లో ప్రసిద్ధ రసాయన శాస్త్రజ్ఞుడు హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విని, వాటిని చక్కగా రాసి, తానే అట్ట కట్టి ఆయనకు పంపాడు. 1813లో డేవీ అతనిని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సహాయకునిగా చేర్చుకున్నాడు.

మరుసటి ఏడు డేవీ దంపతుల వెంట ఐరోపా యాత్రలో ఉన్నప్పుడు, ఆ ఇల్లాలు తనను సేవకునిగా చూడడం ఫారడే మనసును నొప్పించింది. అయినా చదువు మానలేదు. 1831లో అయస్కాంతం కదలిక తీగలో విద్యుత్తును పుట్టిస్తుందని నిరూపించాడు. నేటి విద్యుత్ జనరేటర్లకు మూలం అదే.

1836లో ఆయన పన్నెండడుగుల ఘనాకారపు గది ఒకటి కట్టించాడు. కొయ్య చట్రానికి రాగి తీగలు చుట్టి, కాగితం, తగరపు రేకు అమర్చాడు. బయట నుండి బలమైన విద్యుదావేశం ఎక్కిస్తుండగా, వెలిగే కొవ్వొత్తులతో, సున్నితమైన పరికరాలతో తాను లోపలికి ప్రవేశించాడు. గది వెలుపల నిప్పురవ్వలు చిమ్ముతున్నా లోపలి పరికరాలలో చలనం లేదు. ఆవేశం వాహకపు పైభాగంలోనే నిలుస్తుందని ఆ విధంగా తన శరీరాన్నే పణంగా పెట్టి తేల్చాడు.

రెండు దశాబ్దాల తరువాత ఆయన దృష్టి అతి పలుచని బంగారంపై పడింది. వెలుతురు చొరబడేంత పలుచని బంగారపు పొరలను, ఎర్రని బంగారపు ద్రావణాలను తయారుచేసి, కంటికి కానరాని సూక్ష్మ రేణువులే ఆ ఎరుపునకు కారణమని 1857లో వివరించాడు. నేటి నానో విజ్ఞానానికి అది తొలి మెట్లలో ఒకటి.

రాయల్ సొసైటీ అధ్యక్ష పదవిని ఆయన రెండుసార్లు తిరస్కరించాడు. సర్ బిరుదు వద్దన్నాడు. క్రిమియా యుద్ధానికి విషవాయువు తయారుచేయమంటే నిరాకరించాడు. పిల్లలకు మాత్రం క్రిస్మస్ ఉపన్యాసాలు ఏళ్ల తరబడి ఇచ్చాడు. చివరి సంవత్సరాలలో జ్ఞాపకశక్తి క్షీణించి, 1867 ఆగస్టు 25న కన్నుమూశాడు.

గణితం అంతగా రాని ఆయన ఊహించిన బలరేఖలకు మాక్స్‌వెల్ గణిత రూపమిచ్చాడు. 1880లలో హెర్ట్జ్ ఆ తరంగాలను ప్రయోగంతో చూపాడు. పంజరం, పలుచని పొర అనే ఫారడే కృషిలోని రెండు పాయలు నేడు ఒక్కటయ్యాయి. వాహకపు పొరపై పడిన తరంగంలో కొంత వెనక్కి మళ్లుతుంది. కొంత పొరలోనే వేడిగా మారిపోతుంది. అందుకే బరువైన లోహపు పెట్టెకు బదులు గ్రాఫీన్, మాక్సీన్ వంటి నానో పదార్థాల పొరలను పరిశోధకులు రూపొందిస్తున్నారు. టైటానియం, కార్బన్ గల మాక్సీన్ పొర ఒకటి, మిల్లీమీటరులో ఇరవైవ వంతుకన్నా పలుచనిదైనా, పరీక్షించిన మైక్రోతరంగాల శక్తిలో నూరు కోట్లలో ఒక వంతుకన్నా తక్కువనే దాటనిచ్చినట్లు 2016లో ప్రకటితమైంది.

ఇతరుల పుస్తకాలకు అట్టలు కట్టిన బాలుడు వాటిని తెరచి చదవకుండా ఉంటే? చదువు మధ్యలో ఆపి పనికి పోయే బిడ్డ చేతిలో పుస్తకం కనబడితే, దానిని లాగివేయకుండా ఉండడం పెద్దల కనీస ధర్మం.