బాంబే సిటీ నార్త్: బాబాసాహెబ్ ఓడిన సీటు లెక్క

ఏప్రిల్ 14 వచ్చినా, డిసెంబర్ 6 వచ్చినా వేదికల మీద ఒక గొడవ తప్పకుండా వినిపిస్తుంది. అంబేద్కర్‌ను ఎన్నికల్లో ఓడించింది మీరేనని ఒకరు, మంత్రిని చేసింది మేమేనని ఇంకొకరు. ఈ అరుపుల మధ్య ఆయన ఓడిన నియోజకవర్గం పేరు మాత్రం ఎవరూ ఎత్తరు. దాని పేరు బాంబే సిటీ నార్త్. 1952లో అక్కడి ఓట్ల లెక్క ముందు పెట్టుకుని ఆయన ఎన్నికల జీవితాన్ని చూడాలని ఈ వ్యాసంలో ప్రయత్నిస్తున్నాం. రిజర్వుడు సీటులో దళితుడు గెలవాలంటే ఎవరి ఓటు కావాలి అన్న ప్రశ్నకు అక్కడ దొరికినంత సూటి జవాబు ఇంకెక్కడా మాకు దొరకలేదు.

బొంబాయి మిల్లుల ప్రాంతం బాబాసాహెబ్‌కు పరాయిది కాదు. పరేల్‌లోని బీఐటీ చాల్‌లో, రెండు గదుల్లో ఆయన కుటుంబం దాదాపు ఇరవై ఏళ్లు బతికింది. కొలంబియా, లండన్ చదువుల నుంచి తిరిగొచ్చింది ఆ గదులకే. 1930లలో దాదర్‌లో రాజగృహ కట్టుకున్నాక కూడా ఆ చాళ్లు నడక దూరంలోనే ఉన్నాయి. మిల్లు కూలీలు, మున్సిపాలిటీ పారిశుధ్య కార్మికులు, కొంకణ్ నుంచి వలస వచ్చిన మహర్లు ఆయన సభలకు జనం.

ఆయన మొదటి ఎన్నిక కూడా ఈ ప్రాంతంలోనే జరిగింది. 1936లో ఇండిపెండెంట్ లేబర్ పార్టీ పెట్టారు. 1937లో బైకుల్లా-పరేల్ సీటు నుంచి బొంబాయి శాసనసభకు నిలబడ్డారు. కాంగ్రెస్ ఆయన మీద పోటీకి దింపింది పల్వంకర్ బాలూని. చమార్ కులంలో పుట్టి, దేశంలోనే పేరు మోసిన స్పిన్ బౌలర్ అయిన బాలూ అంటే ఒకప్పుడు అంబేద్కర్‌కూ అభిమానమే. ఆ పోటీలో అంబేద్కర్‌కు 13,245 ఓట్లు, బాలూకు 11,225 ఓట్లు వచ్చాయి. పార్టీ నిలబెట్టిన 17 మందిలో 14 మంది గెలిచారు.

ఇక్కడ ఒక చిన్న నిబంధనను గుర్తుపెట్టుకోవాలి. 1937లో బొంబాయి రాష్ట్రంలో ఒక్కో నియోజకవర్గానికి ఒకరికి మించి సభ్యులు ఉండేవారు. ఓటరు తనకున్న ఓట్లన్నీ ఒకే అభ్యర్థికి వేసుకోవచ్చు. 1932 పూనా ఒప్పందంతో ప్రత్యేక ఓటర్ల జాబితా పోయింది. ఉమ్మడి ఓటర్ల మధ్య, సంఖ్యలో తక్కువగా ఉన్న దళితులు తమ ఓట్లన్నీ ఒకే చోట గుమ్మరించి తమ మనిషిని గెలిపించుకోవడానికి ఈ పద్ధతిలో కొంత వీలుండేది. 1952 నాటికి ఆ వీలు లేదు.

మొదటి సార్వత్రిక ఎన్నికల్లో లోక్‌సభకు 489 సీట్లు, 401 నియోజకవర్గాలు. వాటిలో 86 ద్విసభ్య నియోజకవర్గాలు. అంటే ఒకే నేల మీద ఇద్దరు ఎంపీలు. రెండు సీట్లలో ఒకటి రిజర్వుడు అయితే ఓటరు చేతికి రెండు చీటీలు ఇచ్చేవారు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, పెట్టె మీద గుర్తు. రెండు చీటీలూ ఒకే పెట్టెలో వేయకూడదు, వేస్తే ఒకటి చెల్లదు. దళిత ఓటరు తన రెండో ఓటును ఇంకొకరికి ఇవ్వాలి, లేదా వదులుకోవాలి. ఇక దళితేతర ఓటరు చేతిలో కూడా రిజర్వుడు సీటుకు వేసే చీటీ ఒకటి ఉంటుంది. రెండు వైపుల నుంచి కలిపి చూస్తే రిజర్వుడు సీటు తాళంచెవి ఎవరి దగ్గర ఉందో అర్థమవుతుంది.

1951 సెప్టెంబర్‌లో, ముఖ్యంగా హిందూ కోడ్ బిల్లు విషయంలో, బాబాసాహెబ్ న్యాయ శాఖ మంత్రి పదవికి రాజీనామా చేశారు. అప్పటికి ఆయనకు అరవై ఏళ్లు. షుగర్, కీళ్ల నొప్పులు, నిద్రలేమి. అయినా బాంబే సిటీ నార్త్‌లో షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ తరఫున ఏనుగు గుర్తు మీద రిజర్వుడు సీటుకు నిలబడ్డారు. సోషలిస్టు పార్టీతో పొత్తు. జనరల్ సీటుకు ఆ పార్టీ నాయకుడు అశోక్ మెహతా. కాంగ్రెస్ నుంచి జనరల్ సీటుకు వి.బి. గాంధీ, రిజర్వుడు సీటుకు నారాయణ్ కాజ్రోల్కర్. కమ్యూనిస్టు పార్టీ నుంచి ఎస్.ఎ. డాంగే. ఫెడరేషన్ కమ్యూనిస్టులతో పొత్తు వద్దని ముందే చెప్పేసింది కాబట్టి ఆ వైపు నుంచి దయ ఆశించే పరిస్థితి లేదు.

1952 జనవరిలో పోలింగ్ జరిగింది. వి.బి. గాంధీకి 1,49,138. మెహతాకు 1,39,741. కాజ్రోల్కర్‌కు 1,38,137. అంబేద్కర్‌కు 1,23,576. డాంగేకు 96,755. గాంధీ, కాజ్రోల్కర్ గెలిచారు. బాబాసాహెబ్ 14,561 ఓట్ల తేడాతో ఓడారు.

ఇప్పుడు రెండో అంకెను, నాలుగో అంకెను పక్కపక్కన పెట్టి చూడండి. పొత్తులో ఉన్న ఇద్దరి మధ్య తేడా 16,165. మెహతాకు పడినన్ని ఓట్లు అంబేద్కర్‌కు పడి ఉంటే కాజ్రోల్కర్‌ను దాటి 1,604 ఓట్లతో గెలిచేవారు. ఓటు రహస్యం, ఎవరి చీటీ ఏ పెట్టెలో పడిందో ఎవరూ చెప్పలేరు. కానీ ఫెడరేషన్ ఓట్లు చెట్టు గుర్తుకు చేరినంతగా సోషలిస్టుల రెండో చీటీలు ఏనుగుకు చేరలేదన్నది ఈ అంకెలను చూస్తే మాకు కలిగే అభిప్రాయం.

బాబాసాహెబ్ మాత్రం అప్పట్లో తప్పు డాంగే మీద మోపారు. రెండు చీటీలూ ఒకే పెట్టెలో వేయమని కమ్యూనిస్టులు ప్రచారం చేశారని, అందుకే 70 వేలకు పైగా ఓట్లు చెల్లకుండా పోయాయని ఆయన, మెహతా కలిసి ఎన్నికల పిటిషన్ వేశారు. ట్రిబ్యునల్ కొట్టేసింది. డాంగే పాత్రను మేము తక్కువ చేయడం లేదు. కానీ మొత్తం ఓటమిని ఆయన ఖాతాలో రాసేస్తే పొత్తు పెట్టుకున్నవాళ్లను ఎవరూ అడగరు.

అదే ఎన్నికల్లో మన కరీంనగర్‌లో ఇంకోలా జరిగింది. అదీ ద్విసభ్య నియోజకవర్గమే. జనరల్ సీటు పీడీఎఫ్ నుంచి బద్దం ఎల్లారెడ్డి గెలిస్తే, రిజర్వుడు సీటు ఫెడరేషన్ అభ్యర్థి ఎం.ఆర్. కృష్ణ గెలిచారు. దేశం మొత్తం మీద ఫెడరేషన్‌కు వచ్చిన లోక్‌సభ సీట్లు రెండే. రెండోది షోలాపూర్‌లో పి.ఎన్. రాజభోజ్‌ది. పార్టీ నాయకుడు బయట, తెలంగాణ నుంచి ఆయన పార్టీ మనిషి లోపల. ఈ సంగతి మన పిల్లలకు ఎందుకు చెప్పమో తెలియదు.

బాబాసాహెబ్ 1952లోనే రాజ్యసభకు వెళ్లారు. అయినా జనం ఓటుతో లోక్‌సభలో అడుగుపెట్టాలన్న పట్టు వదల్లేదు. 1954లో భండారా ఉప ఎన్నికలో నిలబడ్డారు. అదీ ద్విసభ్య సీటే, జనరల్‌కు మళ్లీ అశోక్ మెహతానే. దళితులు రెండో చీటీ ఎవరికీ వేయకుండా వదిలేస్తే బాబాసాహెబ్ గెలుస్తారని కార్యకర్తలు లెక్కగట్టారని, రాజ్యాంగం రాసిన చేత్తో ఓటు పారేయమని చెప్పలేనని ఆయన ఒప్పుకోలేదని చెబుతారు. మెహతా గెలిచారు. బాబాసాహెబ్ కాంగ్రెస్ అభ్యర్థి భావురావ్ బోర్కర్ చేతిలో 8 వేల పైచిలుకు ఓట్లతో ఓడారు.

ఈ రెండు దెబ్బల తర్వాత, 1955లో, చట్టసభల్లో రిజర్వుడు సీట్లు ఎత్తేయాలని ఫెడరేషన్ తీర్మానం చేసింది. అదే ఏడాది భాషా రాష్ట్రాల మీద రాసిన పుస్తకంలో బాబాసాహెబ్ ఇద్దరు ముగ్గురు సభ్యుల నియోజకవర్గాలు ఉండాలని, ఓటరు తన ఓట్లన్నీ ఒకరికే వేసుకునే హక్కు ఉండాలని కోరారు. అంటే 1937 నాటి పద్ధతే. రిజర్వేషన్లు వద్దని అంబేద్కరే అన్నారని ఇవాళ ఎగతాళిగా వాట్సాప్‌లో పంపేవాళ్లు ఈ రెండో సగాన్ని కత్తిరించి పంపుతారు.

ద్విసభ్య పద్ధతి పోయిన తీరులోనూ మన ప్రాంతం ఉంది. 1957లో పార్వతీపురం ద్విసభ్య నియోజకవర్గంలో జనరల్ సీటు కోసం నిలబడిన మాజీ కేంద్ర మంత్రి వి.వి. గిరి ఓడిపోయారు. రెండు సీట్లూ గిరిజన అభ్యర్థులకే దక్కాయి. ఎక్కువ ఓట్లు తెచ్చుకున్న గిరిజనుడు జనరల్ సీటులో కూర్చోవచ్చా అని గిరి కోర్టుకెక్కారు. డిప్పల సూరి దొర ఎన్నిక చెల్లుతుందని 1959లో సుప్రీంకోర్టు తేల్చింది. 1961లో పార్లమెంటు ద్విసభ్య నియోజకవర్గాలనే రద్దు చేసింది. బాబాసాహెబ్ రెండుసార్లు ఓడినప్పుడు ఈ పద్ధతిలో లోపం ఎవరికీ కనబడలేదు.

ఇంతకీ బాంబే సిటీ నార్త్ ఏమైంది? 1957 నాటికి హద్దులు మారాయి. ఉత్తరం అన్న పేరు నగరంలో ఇంకా పైకి జరిగింది, అక్కడ వి.కె. కృష్ణ మీనన్ గెలిచారు. బాంబే సిటీ సెంట్రల్ పేరుతో కొత్త ద్విసభ్య సీటు వచ్చింది. బాబాసాహెబ్ 1956 డిసెంబర్ 6న కన్నుమూసి అప్పటికి కొన్ని నెలలే. సంయుక్త మహారాష్ట్ర ఉద్యమం ఫెడరేషన్‌ను, కమ్యూనిస్టులను ఒకే సమితిలోకి తెచ్చింది. బాంబే సిటీ సెంట్రల్ జనరల్ సీటు నుంచి డాంగే, రిజర్వుడు సీటు నుంచి ఫెడరేషన్ అభ్యర్థి గోపాల్ కాలూజీ మానే కలిసి లోక్‌సభకు వెళ్లారు.