కండరంలోని కరెంటు, మన సుబ్బారావుగారు

 

పదో తరగతి పిల్లలూ, జీవశాస్త్రం పాఠంలో ఏటీపీ అనే మూడక్షరాలు చదివే ఉంటారు. మీరు పుస్తకాల సంచి భుజానికెత్తుకున్నా, హట్టి బంగారు గనిలో మీ నాన్నగారు బరువు మోసినా ఒంట్లో ఖర్చయ్యేది అదే. 1929లో దాన్ని కండరంలో గుర్తించినవారిలో ఒకరు మన తెలుగువారు, యల్లాప్రగడ సుబ్బారావుగారు. అదే ఏడు జర్మనీలో లోమాన్ అనే ఆయన కూడా గుర్తించారు.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చిన్నప్పుడు చదువు మీద మనసు లేదు. కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్ముకుని బతుకుదామని ఇల్లు విడిచి బయల్దేరితే, తల్లి వెంకమ్మగారు వెనక్కి రప్పించారు. మెట్రిక్యులేషన్ తప్పుతూ వచ్చి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కారు. మార్కుల కార్డు చూసి పిల్లల మీద చెయ్యెత్తే నాన్నలు ఈ వాక్యం ఇంకోసారి చదవండి.

మద్రాసు మెడికల్ కాలేజీలో గాంధీగారి మాట విని ఖద్దరు కోటుతో ఆపరేషన్ గదికి వెళ్లారు. సర్జరీ ప్రొఫెసరుగారికి కోపం వచ్చింది. ఎంబీబీఎస్‌కు బదులు దానికన్నా తక్కువదైన ఎల్ఎంఎస్ చేతికొచ్చింది. 1922 అక్టోబరులో, భార్య శేషగిరిగారిని ఇక్కడే ఉంచి, అమెరికాలోని బోస్టన్ చేరారు. బతుకుతెరువుకు ఆస్పత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేస్తూ హార్వర్డులో ఫిస్కే అనే ఆచార్యుడి దగ్గర చేరారు.

ఇక్కడ కొంచెం నెమ్మదిగా చదవండి. రక్తంలో, కండరంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలవడానికి వీళ్లిద్దరూ 1925లో ఒక పద్ధతి తెచ్చారు. మందు కలిపితే నీలిరంగు వస్తుంది, రంగు చిక్కదనాన్ని బట్టి లెక్క కట్టాలి. రక్తంతో రంగు చప్పున వచ్చి ఆగేది. కండరంతో మాత్రం ఆగేది కాదు, నిదానంగా ముదురుతూనే పోయేది. ఇంకొకరైతే పరీక్షే చెడిందని పారబోసేవారేమో. వీళ్లు మాత్రం, కండరంలో ఏదో పదార్థం ఆ ఆమ్లంలోనే విరిగిపోతూ ఫాస్ఫరస్‌ను కొంచెం కొంచెంగా వదులుతోందని పట్టుకున్నారు. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927లో లోకానికి చెప్పారు. కండరం పనిచేస్తే అది తరుగుతుంది, విశ్రాంతి ఇస్తే మళ్లీ పెరుగుతుంది. రెండేళ్లకు ఏటీపీ.

మరి ఈ ఏటీపీ కణంలో ఎలా తయారవుతుంది? జవాబు వచ్చేసరికి ఆయన లేరు. లెడర్లీ కంపెనీలో ఫోలిక్ ఆమ్లం, బోదకాలుకు వాడే హెట్రజాన్ వంటి మందుల పనికి నాయకత్వం వహించి, 1948 ఆగస్టులో 53 ఏళ్లకే నిద్రలో కన్నుమూశారు. మళ్లీ స్వదేశం చూడలేదు. శేషగిరిగారు ఆయన్ను మళ్లీ చూడనే లేదు. 

1961లో పీటర్ మిచెల్ అనే ఆంగ్లేయుడు ఆ జవాబు చెప్పారు. మైటోకాండ్రియా లోపలి పొరకు ఇటూ అటూ సుమారు 0.15 వోల్టుల తేడా ఉంటుంది. టార్చి సెల్లులో పదో వంతే కదా అనుకోకండి. ఆ పొర మందం మిల్లీమీటరులో దాదాపు రెండు లక్షల వంతు. లెక్క వేసుకోండి, మీటరుకు సుమారు 3 కోట్ల వోల్టుల విద్యుత్ క్షేత్రం! గాలిలో మెరుపు పుట్టడానికి 30 లక్షలు చాలు. ఆ క్షేత్రం తోసే ప్రోటాన్లు పొరలో ఉన్న ఒక ప్రోటీన్ చక్రాన్ని తిప్పుతాయి, తుంగభద్ర డ్యాం నీళ్లు టర్బైన్‌ను తిప్పినట్టు. చక్రం తిరిగితే ఏటీపీ తయారవుతుంది. వోల్టేజి పడిపోతే చక్రం నిలిచిపోతుంది. 

అయస్కాంతానికీ ఇందులో పాత్ర ఉంది. బలమైన అయస్కాంతంలో ఉంచి రేడియో తరంగాలు పంపితే, ఫాస్ఫరస్ కేంద్రకాలు తామే అణువులో ఉన్నాయో తెలిపే సంకేతం ఇస్తాయి. 1974లో ఆక్స్‌ఫర్డ్‌లో ఎలుక కాలి కండరంలో ఏటీపీని, ఫాస్ఫోక్రియాటిన్‌ను ఇలాగే చూశారు. ఇప్పుడైతే మనిషి చెయ్యి కొయ్యకుండానే, చెయ్యి బిగించినప్పుడు ఫాస్ఫోక్రియాటిన్ తరగడం, వదిలినప్పుడు పెరగడం తెరమీద కనబడుతుంది. సంతలో అమ్మే అయస్కాంత కంకణాలకు దీనితో సంబంధం లేదు, డబ్బు దండగ.

సుబ్బారావుగారి శతజయంతికి, 1995లో, మన తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది.