చెత్త ఎత్తేవాళ్ళ కోసం వెళ్ళి...

మార్టిన్ లూథర్ కింగ్ అనగానే మనందరికీ స్కూలు పాఠం గుర్తొస్తుంది. 1963లో వాషింగ్టన్‌లో రెండున్నర లక్షల మంది ముందు చేసిన ప్రసంగం, మరుసటి ఏడాది నోబెల్ శాంతి బహుమతి, 1968లో తుపాకీ గుండు. పాఠం అక్కడితో అయిపోతుంది. ఆ గుండు తగిలిన రోజు ఆయన సొంత ఊరు కాని ఊళ్ళో ఏం చేస్తున్నాడో మాత్రం చెప్పరు. చెత్త ఎత్తే పనివాళ్ళ సమ్మెకు అండగా వెళ్ళాడండీ!

1929 జనవరి 15న అట్లాంటాలో పుట్టాడు. తండ్రి పాస్టరు, తల్లి చర్చిలో ఆర్గన్ వాయించేది. బోస్టన్‌లో పెద్ద చదువు చదువుతుండగా కొరెట్టా పరిచయమైంది. ఆవిడ సంగీతం చదువుకుంటోంది. 1953లో పెళ్ళయ్యాక ఇద్దరూ అలబామాలోని మాంట్‌గోమరీకి వచ్చారు.

అక్కడే 1955 డిసెంబరులో, బస్సులో తెల్లవాడికి సీటు ఇవ్వలేదని రోజా పార్క్స్ అనే కుట్టుపని చేసే ఆవిడను అరెస్టు చేశారు. బస్సులెక్కొద్దంటూ రాత్రికి రాత్రే వేల కరపత్రాలు తయారుచేసింది జో ఆన్ రాబిన్సన్ అనే కాలేజీ టీచరు. కింగ్‌కి అప్పటికి 26 ఏళ్ళు. నాయకత్వం ఆయన మీద పడింది. 381 రోజులు నల్లవాళ్ళు బస్సెక్కలేదు. తెల్లవాళ్ళ ఇళ్ళల్లో వంటచేసే ఆడవాళ్ళు మైళ్ళకు మైళ్ళు నడిచారు. తమాషా ఏమిటంటే, పనిమనిషి రాకపోతే ఇల్లు గడవని తెల్ల ఇల్లాళ్ళు కొందరు తమ కార్లలో వెళ్ళి వాళ్ళను తీసుకొచ్చుకున్నారు. అలా తీసుకురావద్దని మేయరు మొత్తుకోవాల్సి వచ్చింది! ఆ రోజుల్లోనే, 1956 జనవరిలో, కింగ్ ఇంటి మీద బాంబు పడింది. ఆయన మీటింగులో ఉన్నాడు. ఇంట్లో కొరెట్టా, నెలల పిల్ల ఉన్నారు.

1959లో భార్యాభర్తలు మన దేశానికి వచ్చి నెల రోజులు తిరిగారు. కేరళలో దళిత పిల్లల స్కూలుకు వెళితే, అక్కడి హెడ్మాస్టరు ఆయన్ని అమెరికా నుంచి వచ్చిన సాటి అంటరానివాడిగా పరిచయం చేశాడట. మొదట ఆయన మనసు చివుక్కుమంది. కాసేపు ఆలోచించాక, అది నిజమేనని ఒప్పుకున్నాడు. తర్వాత ఆయనే ఒక ప్రసంగంలో ఈ సంగతి చెప్పాడు. మెంఫిస్ గురించి చదివినప్పుడల్లా నాకు ఆ హెడ్మాస్టరే గుర్తొస్తాడు.

మెంఫిస్ టెన్నెస్సీ రాష్ట్రంలో పెద్ద ఊరు. అక్కడ చెత్త ఎత్తేవాళ్ళు దాదాపు అందరూ నల్లవాళ్ళే. పెరట్లోకి వెళ్ళి తొట్టెలోని చెత్తను తమ టబ్బులోకి ఒంపుకుని, నెత్తినో భుజానో పెట్టుకుని బండి దాకా మోసేవారు. ఆ నీళ్ళు ఒంటి మీద కారేవి. ఇంటికొచ్చాక గుమ్మం బయటే బట్టలు విప్పితే తప్ప లోపలికి రావడానికి ఉండేది కాదు. రోజంతా చాకిరీ చేసినా జీతం చాలక ప్రభుత్వ సాయం తీసుకున్న కుటుంబాలు ఎన్నో.

వాన వస్తే తలదాచుకోవడానికి ఆ వీధుల్లో చోటు లేదు. తమ ఇళ్ళ ముందు వీళ్ళు ఆగుతున్నారని తెల్లవాళ్ళు ఫిర్యాదు చేస్తే, అలా ఆగకూడదని రూలు పెట్టారు. 1968 ఫిబ్రవరి 1న జోరున వాన. ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్ అనే ఇద్దరు బండి వెనక భాగంలోకి ఎక్కి కూచున్నారు. చెత్తను నొక్కే యంత్రం దానంతటదే కదిలి ఇద్దర్నీ నలిపేసింది. వాకర్ భార్య అప్పుడు గర్భిణి. ఆ ఇద్దరికీ ఇన్సూరెన్సు లేదు. ఇంటికి ఒక నెల జీతం, అంత్యక్రియలకు 500 డాలర్లు ఇచ్చి చేతులు దులుపుకున్నారు.

ఫిబ్రవరి 12న 1,300 మంది పనిలోకి రాలేదు. మేయరు హెన్రీ లోబ్ ఇది చట్టవిరుద్ధమన్నాడు. కొత్తవాళ్ళను పెట్టి, పోలీసు కాపలాతో కొన్ని బండ్లు తిప్పాడు. ఎవరి చెత్త వాళ్ళే వీధి అంచుకు తెచ్చి పెట్టుకోమన్నాడు. మన వీధిలో రెండు రోజులు చెత్తబండి రాకపోతే మనం ఎవర్ని తిట్టుకుంటామో చెప్పక్కర్లేదు. మెంఫిస్‌లోనూ చాలామంది తిట్టుకున్నారు. కానీ నల్లవాళ్ళ పేటలు అలా చేయలేదు.

ముఖ్యంగా 23న ఊరేగింపు మీద పోలీసులు కళ్ళు మండే మందు కొట్టాక, పాస్టర్లంతా ఒక్కటయ్యారు. వాళ్ళకు ముందు నిలిచిన జేమ్స్ లాసన్ మన నాగపూర్‌లో కొన్నేళ్ళు ఉండి గాంధీ మార్గం తెలుసుకున్నవాడు. చర్చిల్లో చందాలు పోగుచేశారు, సమ్మెలో ఉన్న ఇళ్ళకు తిండి సరుకులు పంపారు. ఊరి మధ్య పెద్ద షాపులకు వెళ్ళొద్దని అనుకున్నారు. ఈస్టరు ముందు పిల్లలకు కొత్త బట్టలు కొనకుండా ఉండటమంటే, మనకు సంక్రాంతికి కొనకపోవడం లాంటిది. ఆ మాట పిల్లలకు నచ్చజెప్పింది ఎవరై ఉంటారో ఏ తల్లికైనా తెలుసు.

లాసన్ పిలుపు మీద కింగ్ మార్చి 18న వచ్చాడు. దేశంలోని పేదలందరితో వాషింగ్టన్ వెళ్ళే పెద్ద కార్యక్రమం చేతిలో ఉంది, ఇప్పుడిదెందుకని ఆయన మనుషులే వద్దన్నారు. ఆయన వినలేదు. 28న ఆయన ముందు నడిచిన ఊరేగింపులో అద్దాలు పగిలాయి, లాఠీలు లేచాయి. పోలీసు కాల్పుల్లో 16 ఏళ్ళ కుర్రాడు చనిపోయాడు. కింగ్ కుంగిపోయాడు. అయినా ఏప్రిల్ 3న మళ్ళీ వచ్చాడు. ఆ రాత్రి గాలివానలో చేసిన ఆఖరి ప్రసంగంలో కొండలూ శిఖరాలే కాదు, వంటింటి సంగతులు కూడా ఉన్నాయి. ఫలానా కంపెనీ రొట్టె కొనొద్దు, ఫలానా పాలు, ఫలానా కూల్‌డ్రింకు ఇంటికి తేవద్దు అని పేర్లు పెట్టి మరీ చెప్పాడు.

మర్నాడు సాయంత్రం ఆరు గంటలకు లొరెయిన్ మోటెల్ బాల్కనీలో నిలబడి ఉండగా కాల్చేశారు. ఆయనకు 39 ఏళ్ళు.

ఏప్రిల్ 8న, భర్త అంత్యక్రియలకు ఒకరోజు ముందు, కొరెట్టా పెద్ద పిల్లలు ముగ్గుర్నీ వెంటబెట్టుకుని మెంఫిస్ వచ్చింది. ఆయన నడవాల్సిన ఊరేగింపులో ఆవిడ ముందు నడిచింది. వేల మంది వెనక నడిచారు. ఎక్కడా గోల లేదు. ఆ మర్నాడు అట్లాంటాలో అంత్యక్రియలు. నేనెన్నిసార్లు చదివినా ఈ రెండు రోజుల దగ్గర ఆగిపోతాను.

ఏప్రిల్ 16న, 65వ రోజున, సమ్మె ముగిసింది. యూనియన్‌ను గుర్తించారు. గంటకు మొదట 10 సెంట్లు, తర్వాత మరో 5 సెంట్లు పెంచారు. ఆ డబ్బూ లేదంటే ఒక వ్యాపారి పేరు చెప్పకుండా 60 వేల డాలర్లు ఇచ్చాడు. పెన్షన్ మాత్రం రాలేదు. 2017లో, అప్పటికి బతికి ఉన్న కొద్దిమందికీ ఒక్కొక్కరికి 50 వేల డాలర్లు ఇస్తామని నగరం ప్రకటించింది. తర్వాత దాన్ని 70 వేలకు పెంచారు. అప్పటికి 49 ఏళ్ళు గడిచాయి. వాళ్ళలో ఒకాయన ఎనభయ్యేళ్ళు దాటినా అప్పటికింకా చెత్తబండి నడుపుతూనే ఉండేవాడు.