రహస్య రేడియో నడపిన ఉషా మెహతా

1942వ సంవత్సరము ఆగస్టు 8వ తేదీన బొంబాయిలోని గోవాలియా టాంకు మైదానమున కాంగ్రెసు మహాసభ సమావేశమై, బ్రిటిషువారు భారతదేశమును విడిచి పోవలెనని తీర్మానించెను. మరునాడు తెల్లవారునప్పటికి గాంధీ మహాత్ముడును, ప్రముఖ నాయకులును నిర్బంధింపబడిరి. వార్తాపత్రికలపై కఠినమైన ఆంక్షలు వచ్చెను. ఆలిండియా రేడియో ప్రభుత్వము చేతిలోనిది. ఒక ఊర ఏమి జరుగుచున్నదో పొరుగూరివారికి తెలియు మార్గము లేకపోయెను. వార్తలు అందనిచో పోరాటము చల్లారిపోవునని బొంబాయి యువకులు కొందరు తలపోసిరి. వారిలో ఇరువది రెండేండ్ల విద్యార్థిని యొకతె కలదు. ఆమెయే ఉషా మెహతా.

ఉష 1920వ సంవత్సరము మార్చి 25వ తేదీన గుజరాతు ప్రాంతమున సూరతు సమీపమునందలి సరస్ అను గ్రామమున జన్మించెను. తండ్రి బ్రిటిషు ప్రభుత్వమున న్యాయాధిపతి. అట్టి యింటి బాలిక జెండా పట్టుకొని వీధిలోనికి వచ్చుట సామాన్యమైన సంగతి కాదు. అయినను 1928లో సైమను కమిషనును నిరసించుచు జరిగిన ప్రదర్శనలో ఎనిమిదేండ్ల ఉష పాల్గొనెను. ఒకమారు పోలీసుల లాఠీల తాకిడికి జెండా మోయుచున్న బాలిక యొకతె జెండాతో కూడ క్రిందపడెను. అంతట పిల్లలు జెండా రంగులతోనే దుస్తులు కుట్టించుకొని మరల ఊరేగిరి. ఒడలిపై ధరించిన జెండాను పడగొట్టుట యెట్లో పోలీసులకు తోచియుండదు! 1932లో ఆ కుటుంబము బొంబాయి చేరెను. ఉష విల్సన్ కళాశాలలో తత్త్వశాస్త్రము చదివి 1939లో పట్టము పొందెను. న్యాయశాస్త్రము చదువుచుండగా ఉద్యమము వచ్చెను, చదువు ఆగెను.

కరపత్రములు పంచుట, ఊరేగింపులు నడపుట ఆమె యెరిగిన పనులే. రేడియో కేంద్రమును నడపుట మాత్రము పూర్తిగా క్రొత్త. అందునా అది యుద్ధకాలము. పట్టుబడినచో చెరసాల తప్పదు. బాబూభాయి, విఠల్‌భాయి ఝవేరి, చంద్రకాంత్ ఝవేరి ఆమెతో కలిసిరి. చికాగో రేడియో సంస్థకు చెందిన నానక్ మోత్వానీ పరికరముల విషయమున సాయపడెను. అజ్ఞాతవాసమున నున్న రామమనోహర్ లోహియా ప్రసంగములు సమకూర్చుచుండెను. ఆగస్టు 27వ తేదీన కాంగ్రెసు రేడియో 42.34 మీటర్ల తరంగముపై తొలిసారి పలికెను. భారతదేశమున ఎచ్చటనో ఒక చోటినుండి మాటలాడుచున్నామని మాత్రమే వారు ప్రకటించుచుండిరి.

ఇందులో గల చిక్కును విద్యార్థులు గ్రహింపవలెను. రహస్యముగా నుండవలెనన్నచో మౌనము వహింపవలెను. రేడియోకు మౌనము పనికిరాదు. ఏ తరంగముపై వినవలెనో చెప్పనిచో జనులు వినలేరు. చెప్పినచో పోలీసులును విందురు. ప్రసారము ఏ దిక్కునుండి వచ్చుచున్నదో పసిగట్టు యంత్రములు కలవు. రెండు చోట్లనుండి ఆ దిక్కును గుర్తించి పటముపై గీతలు గీచినచో, అవి కలిసికొన్న చోటనే రేడియో కేంద్రముండును. అట్టి యంత్రములు గల మోటారు బండ్లు బొంబాయి వీధులలో తిరుగుచుండెను. కావున ఉషయు మిత్రులును తమ కేంద్రమును ఒక యింటినుండి మరియొక యింటికి మాటిమాటికి మార్చుచుండిరి. పత్రికలు ప్రచురింప వెరచిన వార్తలు ఆ రేడియోలో వచ్చెను. చిట్టగాంగుపై బాంబులు పడుట, జంషెడ్‌పూరు కార్మికుల సమ్మె, అష్టీ చిమూరులలో జరిగిన ఘోరములు జనులు దానివలననే వినిరి.

నవంబరు 12వ తేదీన పోలీసులు బాబూభాయి కార్యాలయమును సోదా చేసిరి. అప్పుడచ్చటనే యున్న ఉష నేర్పుతో బయటపడి మిత్రులను హెచ్చరించెను. ఆ రాత్రి ప్రసారము మానుకొని ఎచ్చటనైన దాగియుండవచ్చును. ఆమె అట్లు చేయలేదు. చంద్రకాంతునితో కలిసి ప్రసారస్థానమునకు పోయి, యథాప్రకారము వార్తలు వినిపించెను. కడపట వందేమాతర గీతము మ్రోగుచుండగా తలుపులపై దెబ్బలు పడెను. వారితో పనిచేసిన సాంకేతికుడే పోలీసులకు దారి చూపియుండెను. తలుపులు పగులగొట్టి లోనికి వచ్చిన అధికారులు పాటను ఆపుమనిరి. ఉష ఆపలేదు.

ఆపైన నెలల తరబడి విచారణ సాగెను. ఏకాంత నిర్బంధములో నుంచి ఆమెను ప్రశ్నించిరి. సహచరుల గుట్టు తెలిపినచో విదేశములకు పంపి చదివింతుమని ఆశ చూపిరి. ఆమె నోరు విప్పలేదు. న్యాయస్థానమున ప్రశ్నలకు సమాధానమిచ్చుట తప్పనిసరియా యని మాత్రము న్యాయమూర్తి నడిగెను. కాదని తెలిసిన పిమ్మట ఒక్క ప్రశ్నకును బదులు చెప్పలేదు, తన్ను తాను కాపాడుకొనుటకు సైతము! రేడియోలో దేశమునకెల్ల వార్తలు చెప్పిన ఆ గొంతునుండి పోలీసులకు ఒక్క పేరైనను దొరకలేదు. బాబూభాయికి ఐదేండ్లు, ఆమెకు నాలుగేండ్లు, చంద్రకాంతునకు ఒక యేడు శిక్ష పడెను. విఠల్‌భాయియు మోత్వానీయు విడుదలైరి.

యెరవాడ చెరసాలలో ఉష ఆరోగ్యము చెడెను. 1946 మార్చిలో విడుదలై, ఆగిన చదువును మరల చేపట్టి, గాంధీజీ భావములపై పరిశోధన చేసి డాక్టరు పట్టము పొందెను. పిదప బొంబాయిలో దీర్ఘకాలము రాజనీతిశాస్త్రము బోధించి, 1980లో విరమించెను. 1998లో ప్రభుత్వము ఆమెకు పద్మవిభూషణ్ బిరుదమిచ్చెను. గోవాలియా టాంకు మైదానమునకు ఆగస్టు క్రాంతి మైదానమను పేరు వచ్చినది. 2000 సంవత్సరము ఆగస్టులో అస్వస్థతగా నున్నను ఆమె అచ్చటి వార్షికోత్సవమునకు వెళ్లి వచ్చెను. ఆ మాసము 11వ తేదీన, తన ఎనుబదేండ్ల వయసున కన్ను మూసెను.