మూలశంకరుని సందేహము

గుజరాతునందలి టంకారా గ్రామమున 1824లో జన్మించిన మూలశంకరుడు పదునాలుగవ యేట శివరాత్రి జాగరణ చేయుచుండగా, ఎలుక యొకటి శివలింగముపైకెక్కి నైవేద్యమును తినుట చూచెను. జగత్తునేలు దైవమితడేనా యని సందేహించెను. పిమ్మట చెల్లెలును పినతండ్రియు గతింపగా, నశింపనిదేదియో తెలియగోరి 1846లో ఇల్లు విడిచెను. ఆతడే దయానంద సరస్వతి. పెక్కేండ్లు తిరిగి, 1860లో మథుర చేరి, అంధుడగు విరజానందస్వామి కడ వ్యాకరణమును వేదార్థమును అభ్యసించెను. 1875లో బొంబాయి నగరమున ఆర్యసమాజమును స్థాపించెను.

ఈశ్వరుడు జగత్తును దేనితో చేసెనను ప్రశ్నపై 1877లో చాందాపూరు సభయందు క్రైస్తవ, మహమ్మదీయ పండితులతో ఆయన వాదించెను. ఆయన మతమున శూన్యమునుండి ఏదియు పుట్టదు. మన్ను లేనిదే కుమ్మరి కుండను చేయజాలడు. ఈశ్వరుడును, జీవుడును, ప్రకృతియు అనాదులు. జగత్తు కుండవలె పుట్టి నశించును. ప్రకృతి మన్నువలె నిలుచును. సృష్టిప్రళయములు రేయింబవళ్లవలె ఆద్యంతములు లేక సాగుచుండును. జీవుని సుఖదుఃఖములకు వాని కర్మయే కారణము, ఈశ్వరుని నిందింపరాదు. బ్రహ్మమొక్కటే సత్యమను అద్వైతులును దీనిని ఒప్పుకొనలేదు.

1883 దీపావళినాడు అజ్మీరున దయానందుడు దేహము చాలించెను. విద్యార్థులారా! ఆయన సిద్ధాంతమును అందరును అంగీకరింపకపోవచ్చును. బాల్యమున కలిగిన ప్రశ్నను జీవితాంతము విడువని ఆ పట్టుదల మాత్రము మనకందరకును గ్రాహ్యము.