ఉక్కు ఛాతీ వీరుడు... ఊపిరి చెప్పే లెక్క

కోడి రామ్మూర్తి నాయుడి పేరు వినని వాళ్లు ఉత్తరాంధ్రలో అరుదు. 1880ల్లో వీరఘట్టంలో పుట్టారు. నాడు శ్రీకాకుళం ప్రాంతంగా చెప్పుకున్న ఆ ఊరు ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. విజయనగరంలో పెరిగి, అక్కడే కసరత్తు, కుస్తీ నేర్చారు. మద్రాసులో వ్యాయామ శిక్షణ పొంది, తిరిగొచ్చి విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడయ్యారు. తర్వాత సర్కస్ పెట్టి దేశమంతా తిరిగారు. శాకాహారి. కలియుగ భీముడన్న పేరు అలా వచ్చిందే.

ఆయన ప్రదర్శనల్లో జనం నోరెళ్లబెట్టి చూసింది ఛాతీనే. గుండెలకు ఇనుప గొలుసు చుట్టించుకుని, ఊపిరి బిగబట్టి తెంచేసేవారు. ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకునేవారు. కండబలంతో పాటు ప్రాణాయామ సాధన కూడా దీనికి కారణమని చెబుతారు. చివరి రోజుల్లో పుండు ముదిరి కాలు తీసేయాల్సి వస్తే, మత్తుమందు వద్దని ఊపిరి బిగబట్టే శస్త్రచికిత్స చేయించుకున్నారని మన ప్రాంతంలో కథలా చెప్పుకుంటారు. 1942లో కన్నుమూశారు.

ఆ జీవితం మీకు ఒక విషయం గుర్తుచేస్తుంది. జ్వరం, నాడి, రక్తపోటు మన మాట వినవు. ఊపిరి మాత్రం కొంతవరకు వింటుంది. కావాలంటే ఆపగలం, వేగం పెంచగలం. అందుకే నర్సు ఊపిరి లెక్కిస్తున్నానని రోగికి చెప్పదు. నాడి చూస్తున్నట్టే చెయ్యి పట్టుకుని, ఛాతీ ఎన్నిసార్లు లేస్తోందో గమనిస్తుంది. చెబితే రోగి తెలియకుండానే తీరు మార్చేస్తాడు, లెక్క తప్పుతుంది.

ఇంట్లో మీరూ లెక్కించొచ్చు

మనిషి కదలకుండా ఉన్నప్పుడు, వాచీ చూస్తూ నిండా ఒక్క నిమిషం లెక్కపెట్టండి. ఛాతీ ఒకసారి లేచి దిగితే ఒకటి. పెద్దవాళ్లకు నిమిషానికి 12 నుంచి 20 మామూలు. విశ్రాంతిలోనూ 25 లేదా అంతకు మించితే ఆలస్యం చేయకండి. వేలికి పెట్టే ఆక్సీమీటరు బాగానే చూపిస్తున్నా, ఊపిరి వేగం ముందే పెరిగి ఉండొచ్చు.

దగ్గు, జలుబు ఉన్న పసివాళ్ల విషయంలో ఈ లెక్క మరీ ముఖ్యం. పిల్లాడు ఏడవనప్పుడు, పాలు తాగనప్పుడు చూడండి. 2 నెలల లోపు 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40 లేదా అంతకు మించితే న్యుమోనియా కావచ్చు. డొక్కలు ఎగరేస్తుంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇంకో మాట. రామ్మూర్తి నాయుడిలా ఊపిరి బిగబట్టి బరువులెత్తకండి. ఆ క్షణంలో రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది. బీపీ, గుండెజబ్బు ఉన్నవాళ్లకు అది ప్రమాదం. బియ్యం బస్తా ఎత్తినా, జిమ్‌లో బరువు ఎత్తినా, ఎత్తేటప్పుడు ఊపిరి వదలండి.